మెట్టు కుట్టింది తాతయ్యా!

“తాతయ్యా, ఈ మెట్టు నన్ను కుట్టింది.”

మా మనవరాలికి అప్పటికి ఆరేళ్లు. అమెరికాలో పుట్టి పెరుగుతున్న పిల్ల. దాని తెలుగులో చీమైనా, తేనెటీగైనా, ముల్లయినా అన్నీ కుట్టేవే. ఈత కొలనులోంచి వచ్చి, తడి కాళ్లతో బండి మెట్టు దగ్గర నిలబడి చెయ్యి దులుపుకుంటోంది. టెక్సాస్‌లో ఎర్ర చీమలు ఎక్కువ, కుడితే బొబ్బ లేస్తుంది. చీమేమోనని వంగి చూశాను. ఏమీ లేదు.

“చీమ కాదు తాతయ్యా. మెట్టే.”

లోపల్నుంచి మా ఆవిడ నవ్వుతూ అడిగింది. “మనింట్లో వాషింగ్ మెషీనులాగానా బంగారం?”

ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమంది.

“ఎవరూ కిందికి దిగకండి! పాపను అవతలికి తీసుకుపో!” అని అరిచాను. తువ్వాలు పట్టుకుని వెనకాలే వస్తున్న మా అబ్బాయి ఏమీ అర్థం కాకపోయినా పిల్లను ఎత్తుకుని పది గజాలు వెనక్కి వెళ్లాడు. నేను వెళ్లి కరెంటు పెట్టెలో బ్రేకరు దించేశాను. ఏసీ చప్పుడు ఆగిపోయింది. అప్పుడు గానీ ఊపిరి తీసుకోలేదు.

ఎలక్ట్రిసిటీ బోర్డులో సబ్ ఇంజనీరుగా చేరి, ఏడీఈగా రిటైరయినవాణ్ని. వారం వారం ఈ పేజీలో మీ ఇంటి ఫ్యూజుల గురించీ, ఇన్వర్టర్ల గురించీ కబుర్లు చెబుతున్నవాణ్ని. ఈ ఆదివారం మాత్రం మన ఊరి కరెంటు కాదు, చక్రాల మీద తిరిగే ఇంటి కరెంటు. 2023 జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి డల్లాస్ వెళ్లినప్పటి సంగతి. ఇందులో నేను భేషుగ్గా చేసిన పని ఒకటుంది. తలదించుకోవాల్సినవి రెండున్నాయి. మూడూ చెబుతాను.

అసలీ బండి ఏమిటో తెలియనివాళ్లకు నాలుగు మాటలు. అక్కడ దీన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. ఇంజను ఉండదు. కారుకో, పికప్ ట్రక్కుకో వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది, వేడినీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. మా వాడు కొన్నది 22 అడుగులది, పాతది, 2009 మోడలు. సెలవులకు దాన్ని లాక్కుని ఏ పార్కుకో వెళ్లి, అక్కడి కరెంటు పెట్టెకు వైరు తగిలించి, కొళాయికి గొట్టం తగిలించి రెండు రోజులు కాపురం పెడతారు. పాలో డ్యూరో అనే లోయ చూడాలని బయల్దేరాం. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్ద లోయ అదేనంటారు. డల్లాస్ నుంచి సుమారు 600 కిలోమీటర్లు. అంత పొడుగూ ట్రైలర్ లాక్కుంటూ ఒక్క రోజులో వద్దనుకుని మధ్యలో ఒక రాత్రి ఆగుదామనుకున్నాం.

ఈ బండిలో రెండు కరెంటులుంటాయి. అది అర్థమైతే సగం రిపేరు అయిపోయినట్టే. ఒకటి 12 వోల్టుల డీసీ. ముందు భాగంలో ఉన్న బ్యాటరీ నుంచి వస్తుంది. లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్యాన్లు దాని మీద నడుస్తాయి. రెండోది 120 వోల్టుల ఏసీ, బయటి పెట్టె నుంచి వచ్చేది. ఏసీ మిషను, మైక్రోవేవు, గోడ ప్లగ్గులు దానివి. రెంటి మధ్యా కన్వర్టరని ఒక పెట్టె ఉంటుంది. బయటి కరెంటు తీసుకుని 12 వోల్టులుగా మార్చి, లైట్లకిచ్చి, బ్యాటరీని కూడా చార్జి చేస్తుంది. మనింట్లో ఇన్వర్టరు చేసే పనికి తలకిందులన్నమాట. కాబట్టి ట్రైలర్లో కరెంటు పోయిందని ఎవరన్నా అంటే మొదట అడగాల్సింది ఒకటే ప్రశ్న. లైట్లు పోయాయా, ప్లగ్గులు పోయాయా? లైట్లు, పంపు పోతే బ్యాటరీ, ఫ్యూజులు చూడాలి. ప్లగ్గులు, ఏసీ పోతే బయటి పెట్టెలో బ్రేకరు, లోపలి బ్రేకరు చూడాలి. వంటగదిలోవీ బయటివీ ప్లగ్గులు మాత్రమే పోతే స్నానాల గదిలో ప్లగ్గు మీద ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కాలి. దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు. 5 మిల్లీ ఆంపులు దారితప్పినా చాలు, టక్కున కట్ చేస్తుంది. దాని వెనకే మిగతా ప్లగ్గులను కూడా తగిలించి ఉంచుతారు. ఆ సంగతి తెలియక వంటగది ప్లగ్గు విప్పి కూర్చున్నవాళ్లు చాలామంది ఉంటారు.

సరే, భేషుగ్గా చేసిన పని ముందు చెబుతాను. తర్వాత ఎలాగూ పరువు పోతుంది.

బయల్దేరే ముందురోజు పొద్దున మా వాడు ట్రైలర్ని ట్రక్కుకు తగిలించి వెనక దీపాలు పరీక్షిస్తున్నాడు. అన్నీ వింతగా వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కితే ఎర్రగా వెలగాల్సిన దీపాలు మసకబారుతున్నాయి. ఎడమ సిగ్నలు వేస్తే కుడిది కూడా కొంచెం కొంచెం మిణుకుతోంది. మా వాడు అప్పటికే బల్బులన్నీ మార్చేశాడు. వైర్ల రంగుల పట్టీ ఒకటి అచ్చు తీసి చేత్తో పట్టుకున్నాడు. అందులో ఆకుపచ్చ అంటే కుడి సిగ్నలని ఉంది. మా బండిలో ఆకుపచ్చ వైరు పట్టుకుంటే రాత్రి వెలిగే తోక దీపాలు వస్తున్నాయి. పట్టీ తప్పు కాదు, బండీ తప్పు కాదు. నాలుగు వైర్ల చిన్న ట్రైలర్లకు ఒక లెక్క, ఏడు వైర్ల ఈ ఇళ్లకు ఇంకో లెక్క. రంగు చూసి వైరు కలిపితే అంతే సంగతులు.

నాకు మాత్రం ఆ దీపాలు చూడగానే పాత స్నేహితుడు ఎదురైనట్టనిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే మన ఊళ్లో ఏమవుతుందో మీకు తెలుసు. ఒక ఇంట్లో దీపావళి, పక్కింట్లో అమావాస్య. టీవీలు కాలిపోతాయి, జనం సెక్షన్ ఆఫీసు మీదికి వస్తారు. కరెంటు వెళ్లడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి కదా. తిరిగొచ్చే దారి మూసుకుపోతే అది ఊరుకోదు. పక్కవాడి బల్బులోంచి, వీలైతే వాడి పక్కవాడి బల్బులోంచి దూరి రావాలని చూస్తుంది. ఇక్కడా అదే జరుగుతోంది. బ్రేకు దీపంలోకి వెళ్లిన కరెంటు తిరిగొచ్చే దారి లేక తోక దీపాల్లోంచి, రెండో సిగ్నల్లోంచి వెనక్కి రావాలని తంటాలు పడుతోంది.

“బల్బులు వదిలెయ్యి. తిరిగొచ్చే వైరేది?” అన్నాను.

ఏడు వైర్లలో తెల్లది. ట్రైలర్ ముక్కు దగ్గర ఇనుప చట్రానికి ఒక బోల్టుతో బిగించి ఉంది. నిజంగా అదేనా అని తేల్చడానికి వైరు ముక్క ఒకటి తీసుకుని ఒక కొస ట్రక్కు చట్రానికి, రెండో కొస ట్రైలర్ చట్రానికి ఆనించి పట్టుకున్నాను. దీపాలన్నీ బుద్ధిగా వెలిగాయి. తీసేస్తే మళ్లీ వేషాలు. బోల్టు విప్పి చూస్తే లగ్గు కింద తుప్పు పొర. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త బోల్టు, పళ్ల వాషరు వేసి బిగించి పైన కాస్త గ్రీజు రాశాను. ఇరవై నిమిషాలు. మా వాడు ఆ వైర్ల కట్ట మొత్తం మార్చడానికి రెండొందల డాలర్ల పైమాటే అడిగారని చెప్పాడు. మా కోడలు ఆ పూట ఫిల్టర్ కాఫీ రెండోసారి ఇచ్చింది.

అక్కడ ఆగి ఉంటే బావుండేది.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక నాకు చేతులు ఊరుకోలేదు. బ్యాటరీ చూస్తే పైన తెల్లటి చిలుము. మన ఇన్వర్టరు బ్యాటరీకి చేసినట్టే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడుగుదామని రెండు వైర్లూ విప్పాను. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. కడిగాను, తుడిచాను, మళ్లీ బిగించబోయాను. నా వేళ్లకు అనుభవమంతా ఒకే పాఠం. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కార్లలో అయితే ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. ఎటు తిప్పినా నలుపు తిరిగొచ్చే వైరే. నల్ల వైరు మైనస్సుకు పెట్టాను, తెల్లది ప్లస్సుకు తాకించాను.

టప్!

అమెరికాలో ఇళ్లలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ట్రైలర్ కట్టేవాళ్లు ఆ అలవాటునే 12 వోల్టులకూ తెచ్చారు. నలుపు ప్లస్సు, తెలుపు మైనస్సు. పొద్దున్నే తెల్ల వైరు తిరిగొచ్చే దారి అని అందరికీ ఉపన్యాసమిచ్చినవాణ్ని, మధ్యాహ్నానికి మర్చిపోయాను. గబగబా వైర్లు మార్చి సరిగ్గా బిగించాను. లోపలికెళ్లి స్విచ్చి వేస్తే లైట్లు వెలిగాయి. హమ్మయ్య అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, అన్నీ వెలుగుతున్నాయి కదా!

వెలుగుతున్నది ఎందుకంటే ట్రైలర్ ఇంకా ఇంటి కరెంటుకు తగిలించి ఉంది. లైట్లకు కన్వర్టరు ఇస్తోంది, బ్యాటరీ కాదు.

మర్నాడు 287 నంబరు రోడ్డు మీద విచిటా ఫాల్స్ దాటాక చెట్టు నీడన ఆగి పులిహోర డబ్బాలు తీశాం. మా ఆవిడ చెయ్యి కడుక్కుందామని కొళాయి తిప్పింది. పంపు తిరగలేదు. లైటు లేదు. మా వాడు మీటరు తీసి బ్యాటరీ దగ్గర పెడితే 12.7, నిండా ఉంది. లోపల ఫ్యూజుల బోర్డు దగ్గర సున్నా. ఇంజనీరు కుర్రాడే అయినా కంప్యూటర్ల ఇంజనీరు. వైరెక్కడో తెగిందేమోనని బండి కిందికి దూరబోయాడు. ఇక దాచలేకపోయాను.

కన్వర్టరు దగ్గర రెండు పెద్ద ఫ్యూజులుంటాయి. మాదాంట్లో 40 ఆంపులవి. ఎవరైనా నాలాంటి పెద్దమనిషి బ్యాటరీ తలకిందులుగా పెడితే కన్వర్టరును కాపాడడానికి అవే బలైపోతాయి. అందుకోసమే పెట్టారంటే, ఈ పని చేసినవాణ్ని నేనొక్కణ్నే కాదన్నమాట. అదొక ఓదార్పు. తర్వాతి ఊళ్లో కార్ల సామాన్ల కొట్టులో కొత్తవి దొరికాయి, పది డాలర్లు కూడా కాలేదు. వేస్తుంటే మా వాడన్నాడు. “నాన్నా, నిన్ననే చెప్పుంటే బావుండేది.” అంతే. కోప్పడి ఉంటే బావుండేదనిపించింది నాకు.

ఈ బ్యాటరీకి ఇంకో పని కూడా ఉంది. దారిలో ట్రైలర్ కొక్కెం ఊడి ట్రక్కు నుంచి విడిపోతే ఒక చిన్న పిన్ను ఊడి, బ్యాటరీ కరెంటు నేరుగా చక్రాల బ్రేకులకు వెళ్లి బండిని ఆపుతుంది. ఆ తీగ ఫ్యూజుల బోర్డు మీదుగా పోదు కాబట్టి ఆ రోజు అది పనిచేసేదే. కానీ అది నాకు ముందే తెలిసి ఊరుకున్న విషయం కాదు. తర్వాత తెలుసుకున్నది.

సాయంత్రానికి రోడ్డు పక్కన ఒక ప్రైవేటు పార్కులో ఆగాం. ఊరి పేరెందుకులెండి. పాత పార్కు. కరెంటు పెట్టె మూత ఒక బందు మీద వేలాడుతోంది. మా వాడు వైరు తగిలించి బ్రేకరు ఎత్తాడు, ఏసీ తిరిగింది. పాప ఈత కొలను దగ్గరికి పరుగెత్తింది. మిగతాది మొదట్లోనే చెప్పాను.

బ్రేకరు దించాక ప్లగ్గు ఊడబీకి, పెట్టెలో మీటరు పెట్టాను. 30 ఆంపుల ప్లగ్గుకు మూడు కాళ్లు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు. బ్రేకరెత్తి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే 118 వోల్టులు, బంగారంలా ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా అంతే రావాలి. మీటరు అంకెలు అటూ ఇటూ ఊగుతున్నాయి, ఒక చోట నిలవవు. ఎర్తు కాలికి వెనకాల ఏమీ లేదన్నమాట. తీగ ఊడిందో, తుప్పు తినేసిందో. ఏసీ చల్లగా వస్తుంది, లైటు వెలుగుతుంది, ఫ్రిజ్జు తిరుగుతుంది. ఎర్తు లేదని ఏ వస్తువూ చెప్పదు.

కానీ ఎర్తు లేనంత మాత్రాన మెట్టు కుట్టదు. లోపల ఎక్కడో కరెంటు బాడీకి కారుతూ ఉండాలి. దొంగ ఒకడు, తలుపు తీసి పెట్టినవాడు ఇంకొకడు. ఇద్దరూ కలిస్తేనే దొంగతనం. అందరినీ దూరంగా కుర్చీల్లో కూర్చోబెట్టి, చెప్పులతో నిలబడి, తడి గడ్డిలో స్క్రూడ్రైవరు గుచ్చి మీటరు ఒక తీగ దానికి కట్టాను. మళ్లీ కరెంటిచ్చి రెండో తీగ మెట్టుకు ఆనించాను. 84 వోల్టులు. మెట్టే కాదు, తలుపు, పిడి, చట్రం, ఆ 22 అడుగుల రేకు ఇల్లంతా 84 వోల్టుల మీద ఉంది. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో చుట్టరికం లేదు. ఎవరైనా కింద కాలు పెట్టి పైన చెయ్యి వేస్తే ఆ మనిషే చుట్టరికం. లోపలున్నవాళ్లకు ఏమీ తెలియదు. అందుకే అలాంటప్పుడు దిగొద్దని చెప్పాలి గానీ దిగి రమ్మని పిలవకూడదు.

కరెంటు తీసేసి ప్లగ్గు పూర్తిగా ఊడబీకాను. ఒక్కొక్క వస్తువు తీగలు విప్పి బాడీకీ వాటికీ మధ్య ఓంలు కొలిచాను. ఇలాంటప్పుడే మా పాత మెగ్గరు గుర్తొస్తుంది. చిన్న మీటరుకు దొరకని కారుడు దానికి దొరుకుతుంది. అదృష్టం, ఈసారి చిన్న మీటరుకే దొరికింది. వేడినీళ్ల ట్యాంకులో హీటరు కడ్డీ. బాడీకి సుమారు 2,000 ఓంలు. కిందటిసారి వెళ్లినప్పుడు ట్యాంకులో నీళ్లు నింపకముందే స్విచ్చి వేశామని మా కోడలు అప్పుడు చెప్పింది. నీళ్లు లేకుండా కాలితే కడ్డీ పగులుతుంది. మన గీజర్లలోనూ అంతే.

కాగితం మీద లెక్క వేశాను. 120ని 2,000తో భాగిస్తే 60 మిల్లీ ఆంపులు. మనిషి ఒంటిని తడిలో ఇంకో 1,000 ఓంలనుకుంటే 40. గుండె లయ తప్పడానికి అది చాలు. అంత కారినా బ్రేకరు కదలదు, దానికి 30 ఆంపులు కావాలి, ఇది దాంట్లో వందో వంతు కూడా కాదు. స్నానాల గదిలో జీఎఫ్‌సీఐ ఉంది గానీ అది ప్లగ్గులకు, హీటరు దాని దారిలో లేదు. మరి పాపకు కుట్టి ఊరుకుందేం? తలుపు ముందు మా కోడలు ప్లాస్టిక్ చాప పరిచింది. పిల్ల రెండు కాళ్లూ దాని మీదే ఉన్నాయి. చాప అంచుకూ గడ్డికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు నేను కొలిచాను. ఎందుకు కొలిచానో నాకే తెలియదు.

మా వాడు భయపడి ఒక ఇనుప కడ్డీ భూమిలో దిగ్గొట్టి బండికి ఎర్తు ఇద్దామన్నాడు. మన వైపు ఎవరైనా ముందు అదే అంటారు. ఉప్పు, బొగ్గు వేసిన గొయ్యి మన మనసులో పాతుకుపోయింది. అది ఇక్కడ పనికిరాదు. మంచి కడ్డీ దిగ్గొట్టినా మట్టి 25 ఓంలు అడ్డుతుందనుకోండి. 120ని 25తో భాగిస్తే ఐదు ఆంపులు కూడా పోవు. ఫేజు నేరుగా బాడీకి తగిలినా 30 ఆంపుల బ్రేకరు నిద్రపోతూనే ఉంటుంది, బండి కుడుతూనే ఉంటుంది. ఎర్తు వైరంటే కరెంటును భూమిలో పాతిపెట్టే వైరనుకుంటాం. దాని అసలు ఉద్యోగం వేరు. దారితప్పిన కరెంటును రాగి తీగ మీద ఎక్కించుకుని మెయిన్ బోర్డు దాకా వెనక్కి తీసుకుపోవాలి. రాగి తీగలో అడ్డేమీ ఉండదు కాబట్టి వందల ఆంపులు ఒక్కసారి పరుగెడతాయి, బ్రేకరు పడుతుంది. ఇదీ తిరిగొచ్చే దారే. రోజూ వాడని దారి, అంతే తేడా.

పార్కు ఆఫీసులో చెబితే ఆ అబ్బాయి మర్యాదగానే ఇంకో చోటు ఇచ్చాడు, పాత పెట్టెకు తాళం వేశాడు. ఈసారి బండి తగిలించక ముందే పెట్టెను పరీక్షించాం. మూడు దీపాల చిన్న టెస్టరు ఒకటి ఉంటుంది. ప్లగ్గులో గుచ్చితే రెండు పసుపు దీపాలు వెలగాలి. ఒకటే వెలిగినా, ఎర్రది వెలిగినా తగిలించకూడదు. 30 ఆంపుల ప్లగ్గుకైతే మధ్యలో ఒక అడాప్టరు కావాలి. మా వాడు ట్రైలర్ కొన్నరోజే అవి రెండూ కొన్నాడట. సొరుగులో, కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. హీటరు తీగలు విడిగా చుట్టేసి, ఆ రెండ్రోజులూ గ్యాసు మీదే నీళ్లు కాచుకున్నాం.

మీ పిల్లలు ఎవరైనా అక్కడ ఇలాంటి బండి కొంటే, వాళ్లకు ఇంకో రెండు మాటలు చెప్పండి. 30 ఆంపులూ 120 వోల్టులూ గుణిస్తే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవు, హీటరు మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడడం తప్పు కాదు, దాని ధర్మం. ఎండాకాలం పార్కు నిండినప్పుడు వోల్టేజి 105 కిందికి దిగితే ఏసీ ఆపెయ్యాలి, లేకపోతే కంప్రెసరు పోతుంది. ప్లగ్గు కాళ్లు నల్లబడితే మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి ముందు ఈ బండి కోసం 30 ఆంపుల ప్లగ్గు పెట్టించుకునేవాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. బట్టలారబెట్టే మిషను ప్లగ్గు కూడా మూడు కాళ్లదీ, 30 ఆంపులదీ ఉంటుంది, కానీ అది 240 వోల్టులది. అదీ ఇదీ ఒకటేననుకుని 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లున్నారు. ఒక్కసారి తగిలిస్తే బండిలో వస్తువులన్నీ వరసగా పోతాయి. 50 ఆంపుల నాలుగు కాళ్ల పెట్టె ఉన్న పెద్ద బండ్లలో న్యూట్రల్ ఊడితే మన ట్రాన్స్‌ఫార్మర్ కథే మళ్లీ.

పాలో డ్యూరో చూశాం. ఎర్ర మట్టి గోడలు సాయంత్రం ఎండకు నిప్పు కణికల్లా ఉన్నాయి. దాని గురించి రాయడానికి వేరే పేజీలున్నాయి. నాకు మాత్రం రాత్రి నిద్రపట్టలేదు. మెట్టు గురించి కాదు. మా ఆవిడ అన్న మాట గురించి. మనింట్లో వాషింగ్ మెషీనులాగా.

రెండేళ్ల నుంచీ చెబుతోంది. వాషింగ్ మెషీను జివ్వుమంటోందండీ అని. నేను ఏమన్నానో తెలుసా? చెప్పులేసుకో అన్నాను. ప్రతిసారీ అదే. వేల ఇళ్ల టెస్టు రిపోర్టుల మీద సంతకం పెట్టినవాణ్ని, మా ఇంటి సంగతికొచ్చేసరికి ప్లాస్టిక్ చాప వెయ్యమన్నాను.

ఆగస్టులో ఇంటికి రాగానే పెట్టె కూడా విప్పకుండా ఆ ప్లగ్గు పాయింటు దగ్గర మీటరు పెట్టాను. ఫేజు, న్యూట్రల్ మధ్య 231. ఫేజు, ఎర్తు మధ్య అంకెలు ఊగుతున్నాయి. ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ని పిలిచి బోర్డు విప్పిస్తే ఆకుపచ్చ వైరు వెనకాల చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ఇల్లు కట్టినప్పుడు తెచ్చారు, అక్కడిదాకా లాగారు, బిగించడం మర్చిపోయారు. 1994 నుంచి. గృహప్రవేశం రోజు అతిథులకు ఆ బోర్డు చూపించి మా ఇంట్లో వైరింగు చూడండి అన్నది నేనే.

గొయ్యిలో నాలుగు బిందెల నీళ్లు పోయించాను, ఎండి పగుళ్లిచ్చింది. అయినా మట్టిదారి మట్టిదారే. మన ఇళ్లలో ఎర్తు ఈ గొయ్యిలోంచే వెళ్లాలి కదా. 230ని 25తో భాగిస్తే 9 ఆంపులు, 16 ఆంపుల ఎంసీబీ దానికి లేవదు. అందుకే మన ఇళ్లకు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. వేసవిలో కూలరు రేకు తాకి ప్రాణాలు పోయిన వార్తలు ప్రతి ఏడూ ఈ పత్రికలోనే చదువుతున్నారు. తడి నేల, రేకు పెట్టె, రెండు కాళ్ల ప్లగ్గు. మూడో కాలు పట్టడం లేదని విరగ్గొట్టిన ప్లగ్గు మీ ఇంట్లో ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు దాన్ని ఊడబీకి రండి.

ఆర్‌సీసీబీ మరుసటి రోజే పెట్టించాను. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. మా ఇంట్లో ఒకటో తారీఖున ఆ మీట నొక్కేది మా ఆవిడే. నేను నొక్కుతానంటే వద్దంది. పడినప్పుడు చప్పుడు తన చెవులతో వినాలట.